గాలాడని విత్తనం

ముప్పై మూడేళ్ళకే రిటైరయ్యానంటే నవ్వుతారు. నా విషయంలో జరిగింది మాత్రం అదే. చదువు కాగానే విత్తన పరీక్షల ల్యాబులో చేరాను. అప్పటి నుంచి బూజు పట్టిన గింజల మధ్యే పనిచేశాను. పోయిన చలికాలం దగ్గు ఎంతకీ తగ్గకపోతే డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, నా ఊపిరితిత్తులకు ఆ బూజు పొడి ఇక పడదని, మాస్కు పెట్టుకున్నా ఆ గదిలోకి వెళ్ళొద్దని తేల్చేశారు.

నా కుర్చీలోకి కొత్తమ్మాయి వచ్చింది. పని అప్పగించడానికి వెళ్ళిన రోజు మొలకల పెట్టె ఎలా నడపాలో, రిపోర్టు ఎలా టైపు చేయాలో చెప్పగలిగాను. అసలు చెప్పవలసింది నోట్లోంచి రాలేదు. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట పెగలడం ఎప్పుడూ కష్టమే. ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటే మాత్రం పేజీలు నిండుతాయి. అందుకే ఆ అమ్మాయికి, ఆమె తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే వాళ్ళకి, ఇది కాగితం మీద పెడుతున్నాను. ప్రమోషన్ల సంగతి, ఆడిట్ల సంగతి ఇందులో లేవు. అవి ఎవరైనా చెబుతారు.

తడి కాగితం

మన పని చూడ్డానికి చాలా చిన్నది. తడిపిన కాగితం మీద గింజలు వరసగా పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, మొలకల పెట్టెలో నిలబెట్టి, రోజులు గడిచాక విప్పి లెక్కపెట్టడం. వేరుశనగకైతే పది రోజులు. ఆ పది రోజుల్లో మనం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. నేను పెట్టె వెనకాల స్టూలు వేసుకుని నవలలు చదివేదాన్ని. కానీ బయట ఎవరో ఆ పది రోజులూ ఆకాశం వైపు చూస్తూ ఉంటారు. ఈ ఉద్యోగంలో మొదట అలవాటు చేసుకోవలసింది వాళ్ళని మరిచిపోకుండా ఉండడం.

విశాఖలో పుట్టి పెరిగిన వాళ్ళకి తేమ గురించి చెప్పక్కర్లేదు. మన వంటింట్లో ఉప్పు డబ్బా అడుగున ఎప్పుడూ నీరే. మధ్యాహ్నం వేయించిన అప్పడం సాయంత్రానికి మెత్తబడుతుంది. గింజ కూడా అంతే, ఈ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. బూజు చాలాసార్లు చేలోనే గింజకు అంటుకుని, చడీచప్పుడూ లేకుండా దానితోపాటు గోదాముకు వస్తుంది. గింజ ఎండి ఉన్నంతకాలం ఊరుకుంటుంది. తడి, వేడి రెండూ దొరికిన రోజున లేస్తుంది. అన్నిటికంటే ముందు తినేది మొలకెత్తే ముక్కనే. పైన పొర గులాబీ రంగులో నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ప్రాణం పోయి ఉంటుంది.

రంగులు మెల్లగా తెలుస్తాయి. దీపం మసిలా నల్లగా రాలేది ఒకటి. అది మొలకను మొదట్లోనే కుళ్ళబెడుతుంది. పసుపు కలిసిన ఆకుపచ్చది ఇంకొకటి. అది పట్టిన కాయను మనిషీ తినకూడదు, గొడ్డుకూ పెట్టకూడదు, గానుగకూ పంపకూడదు. తెల్లటి దూదిలా పాకేది మూడోది. చచ్చిన గింజ మీద పుట్టి పక్కనున్న బతికిన గింజ మీదికి కూడా దుప్పటి కప్పేస్తుంది.

బస్తా తెరవగానే మోచేతి దాకా చెయ్యి పెట్టి వేడి చూడమని నేర్పింది మా పై అధికారి మూర్తి గారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడమనీ నేర్పారు. మొదటిది తప్పకుండా చేయండి. రెండోది మానేయండి. దాని ఫలితం పైన రాశాను.

టార్పాలిన్ కింద

ఒక ఏడాది సంగతి చెబుతాను. భీమిలి అవతల కొన్ని ఊళ్ళ రైతులు కలిసి సంఘం పెట్టుకున్నారు. దాన్ని నడిపేది నూకాలమ్మ అనే ఆవిడ. యాభై దాటి ఉంటుంది, చెయ్యి తిప్పకుండా మాట్లాడటం ఆవిడకు రాదు. అంతకు ముందు ఏడాది ఆ ఊళ్ళ వాళ్ళు ఎక్కడో కొన్న వేరుశనగ విత్తనం సగం కూడా మొలవలేదు. ల్యాబు చీటీ లేనిదే గింజ నేలలో వేసేది లేదని అందరూ కూర్చుని తీర్మానించుకున్నారు. ఈసారి రాయలసీమ నుంచి లారీల్లో కాయలు తెప్పించారు. ఊళ్ళో పొడిగా దాచే చోటు లేక పోర్టు రోడ్డులో ఒక గోదాము అద్దెకు తీసుకున్నారు.

ఆ గోదాము చూసుకునేది అప్పలరాజు గారు. పోర్టులో కాంట్రాక్టు పనిలో ఎరువుల బస్తాల గుట్టలకు టార్పాలిన్ కట్టడమే ఆయన బతుకంతా. వానాకాలం ముందు ఒక గాలివాన హెచ్చరిక వచ్చింది. ఆయన తనకు తెలిసిన పని తెలిసినట్టు చేశారు. కాయల గుట్ట మొత్తానికి పైనుంచి నేలదాకా టార్పాలిన్ దించి, తాళ్ళతో బిగించి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టారు. గాలివాన దారి మళ్ళి పోయింది. ఎండలు మళ్ళీ మండాయి. టార్పాలిన్ మాత్రం అలాగే ఉంది.

నేను శాంపిల్ కోసం వెళ్ళేసరికి ఆయన గర్వంగా దాని మీద అరచేత్తో చరిచారు.

“సూడమ్మా, ఎలగ కట్టినానో. గాలి గూడా దూరదు.”

“టార్పాలిన్ మొత్తం తీయించండి,” అన్నాను.

“ఏటి?”

మళ్ళీ అన్నాను. ఈసారి వినపడింది.

“ఓలమ్మా! మబ్బు సూసినావా? పైన రేకు కారతాది. ఈ మూల ఇప్పుతాను, నీక్కావాల్సిన గుప్పెడు తీసుకుని ఎలిపో.”

పక్కనే బీడీ కాలుస్తున్న, బస్తాలు మోసే కలాసీల మేస్త్రి నవ్వాడు. “బావా, మేడంగోరికి మూల సాల్దంట. గుట్ట నడుం గావాలంట.”

మిగతా కలాసీలు కూడా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఆయన విప్పిన మూల కింద నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చాను. అన్నం గిన్నె మూత కింద చెయ్యి పెట్టినట్టు ఉంది. బయటికి తీసి, మాట్లాడకుండా అరచెయ్యి ఆయనకు చూపించాను. తడిగా మెరుస్తోంది.

అప్పలరాజు గారి మొహం మారిపోయింది. “నీరేటి? ఒక్క సుక్క గూడా పడనివ్వలేదు నాను! దేవుడి తోడు.”

“వాన నీరు కాదండి. లోపలి నుంచే వచ్చింది. గింజ ఊపిరి తీస్తుంది.”

“గింజ ఊపిరి తీత్తాదా?” అని ఆయన మేస్త్రి వైపు చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పోర్టులో ఆయన మూసే యూరియాకు తేమ గాలి తగిలితే కరుగుతుంది. కాబట్టి గాలి ఆడకుండా మూయాలి. గింజ ఊపిరి తీసిన ప్రతిసారీ కాస్త వేడి, కాస్త తడి వదులుతుంది. అది బయటికి పోవాలి. పోయే దారి లేక టార్పాలిన్ అడుగున చెమటలా పట్టి, తిరిగి పై బస్తాల మీదే కారింది. ఇలాంటిచోట గోదాము మనిషిని తిట్టడం తేలిక. నాతోటి వాళ్ళు చాలామంది తిడతారు కూడా. నేను చూసిన గోదాముల్లో ఆయనంత శ్రద్ధగా సరుకు చూసుకున్న మనిషి లేరు. ఆ శ్రద్ధే గింజ పీక నొక్కింది.

టార్పాలిన్ పూర్తిగా తీయించాను. పై వరసలు, పక్కలు, నడుమ, అడుగు, అన్ని చోట్ల నుంచీ కాయలు తీశాను. మామూలుగా వీటన్నిటినీ కలిపేసి ఒకే శాంపిల్ చేస్తాం. ఆ రోజు కలిపిన దానితో పాటు దేనికదే వేరే సంచుల్లో కూడా కట్టి, దేని తేమ ఎంతో మీటరుతో చూసి రాసుకున్నాను. గుట్ట మీద ఇక ఏదీ కప్పొద్దని, పగలు తలుపులు బార్లా తెరిచి ఉంచమని చెప్పాను. ఆయన తల ఊపారు.

మూర్తి గారి మాట

కలిపిన శాంపిల్ కాగితంలో పెట్టాను. విడిగా కట్టినవి ఇసుక ట్రేలలో నాటాను. కాగితం మీద బూజు ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకుతుంది. ఇసుకలో ప్రతి గింజా తన గుంటలో తానుంటుంది, దాని చావూ బతుకూ దానివే.

మొదటి లెక్కకు కాగితం విప్పేసరికి లోపల తెల్లటి దూది, మధ్యమధ్య మసి. ఏది చచ్చిందో, ఏది దుప్పటి కింద బతికుందో తెలియలేదు. మూర్తి గారు భుజం మీదుగా చూసి పెదవి విరిచారు.

“బరకం కప్పి చంపేశారు కదమ్మాయ్. ఫెయిల్ రాసెయ్.” టార్పాలిన్‌ను ఆయన బరకం అనేవారు.

“ఇసుక ట్రేలు ఉన్నాయండి. అవి చూశాక...”

“అనుమానం వచ్చిందంటే ఫెయిలే. ఫెయిల్ రాసినోణ్ణి ఎవడూ నిలదీయడు. మొలవని దానికి పాస్ రాశామో, ఊరూరా మన పేరే చెప్పుకుంటారు.”

ఆయన దగ్గర ఎంతో నేర్చుకున్నాను. ఈ మాట మాత్రం నేర్చుకోకండి. ల్యాబుల్లో చాలా ఏళ్ళు ఉన్నవాళ్ళకి భయం అలవాటై, అదే నిజాయితీ అనిపిస్తుంది. బతికున్న గింజను చచ్చిందని రాయడం కూడా తప్పుడు రిపోర్టే.

ఈలోగా తొలకరి పడింది. మర్నాడే నూకాలమ్మ భీమిలి బస్సు దిగి వచ్చింది. కాళ్ళకు ఎర్రమట్టి ఇంకా ఆరలేదు.

“ఏటి పాపా, మొలిసినాయా?”

“ఇంకా చెప్పలేనమ్మా.”

“ఇంకెప్పుడు సెప్తావు? నేల పదును మీదుంది. మా ఓళ్ళు దుక్కి దున్నీసి కూకున్నారు. పదును ఆరిపోతే మరేటి సేత్తాం, ఆకాసంలో ఇత్తుతామా?” మెట్టు మీద కూర్చుని గొంతు తగ్గించింది. “బాగున్నాయని ఓ ముక్క రాసీ. మొలుత్తాయిలే.”

“మొలవకపోతే?”

ఆవిడ కాలి మట్టిని మెట్టు అంచుకు రాసింది. “పోయినేడు మొలవనేదు. ఒక్కో సేను గట్టు మీద నిలబడి తిట్లు తిన్నదాన్ని నానే. ఈపాలి గూడా అలగైతే సంగం ఉండదు, నాను ఊళ్ళో తలెత్తుకుని తిరగనేను. సరే, ఒగ్గీ. నీ లెక్కేదో బేగి తేల్చు,” అంది.

ఒకరు అవసరం కొద్దీ పాస్ అడుగుతున్నారు. ఒకరు భయం కొద్దీ ఫెయిల్ అడుగుతున్నారు. ఇసుక ట్రేలు మాత్రం ఏమీ తొందరపడటం లేదు.

చివరి లెక్క రోజు వచ్చింది. పై వరసల ట్రే మీద ఇసుక చదునుగా, పెట్టినది పెట్టినట్టే ఉంది. వేలితో తవ్వితే మసి. పక్కల నుంచి తీసినవి అక్కడక్కడా లేచాయి. నడుమవి, అడుగువి ఇసుకను పెచ్చులుగా పగలగొట్టుకుని దట్టంగా లేచాయి. మూర్తి గారి గదిలోకి వెళ్ళాను.

“లాటు మొత్తం ఫెయిల్ కాదండి. పై వరసలే పోయాయి.”

“పై వరసకో రిపోర్టు, కింద వరసకో రిపోర్టు. ఎక్కడైనా చూశావేంటి?”

“బస్తాలు విడదీసి రెండు లాట్లు చేయిద్దామండి.”

“ఎవరు విడదీస్తారు?”

“నేను దగ్గర నిలబడతాను.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “వెళ్ళు మరి. తేడా వస్తే నా పేరు ఎత్తకు.”

మళ్ళీ కప్పేశారు

తేమ మీటరు సంచిలో పెట్టుకుని, కబురందుకుని వచ్చిన నూకాలమ్మను తీసుకుని ఆటోలో గోదాముకు వెళ్ళాను. దారంతా ఆవిడ ఏ ఊరికి ముందు పంపాలో వేళ్ళ మీద లెక్కేసుకుంటోంది. తలుపు తీసి చూసేసరికి గుట్ట మీద టార్పాలిన్ ఉంది. నేలదాకా. తాళ్ళతో సహా.

“అప్పలరాజు గారూ!” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

“ఏటి సెయ్యమంతావు తల్లీ? మొన్న వాన దంచీసినాది. ఆ రేకులోంచి ధార. బస్తాల మీద నీరు పడతంటే సూత్తా కూకుంతానా? సేతులు ఆగనేదు.”

వాన నీరు పడి ఉంటే పై బస్తాలు ఇంకా పాడయ్యేవి. కప్పినందుకు మళ్ళీ చెమట పట్టింది. నా చేతిలో ఉన్న రిపోర్టు పాతబడిపోయింది. అది ఆ రోజు తీసిన గింజల సంగతి చెబుతుంది. ఇప్పుడు ఈ టార్పాలిన్ కింద ఉన్నవాటి సంగతి చెప్పదు. మన చదువులో ఎక్కడా నొక్కి చెప్పని విషయం ఇదే. రిపోర్టు కాగితం ఆగిపోతుంది, గింజ మాత్రం గోదాములో మారుతూనే ఉంటుంది.

నూకాలమ్మ గుమ్మం మీద కూలబడింది. “సెప్పు పాపా. బతికున్నాయా, సచ్చినాయా?”

మళ్ళీ పరీక్ష పెట్టి ఎదురుచూసేంత పదును నేలలో లేదు. నాకు తోచిన దారి ఒక్కటే. గుట్ట మొత్తం దించి, బస్తా బస్తాకూ చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటే కాయలు తీసి చెవి దగ్గర ఆడించాలి. ఎండిన గింజ కాయలో గలగలమంటుంది. తడి తాగి ఉబ్బిన గింజ మోగదు. మోగిన బస్తాలో కాయలు కొట్టి, గింజ చీల్చి, మీటరులో తేమ చూడాలి. నడుమ వరసలు ఆ రోజు ఎంత పొడిగా ఉన్నాయో ఇప్పుడూ అంతే పొడిగా ఉంటే, ఇసుక చెప్పిన మాట వాటికి చెల్లుతుంది.

టార్పాలిన్ లాగడం మొదలుపెట్టింది అప్పలరాజు గారే. మేస్త్రి, కలాసీలు బస్తాలు దించారు. దించిన ప్రతి బస్తా నోరు విప్పి కాయలు ఆడించారు. గోదాము అంతా గలగలలు.

“బావా, ఇది మోగట్నేదు.”

“అటేపు పడీ.”

“ఇది సూడు, గజ్జెల్లాగున్నాది!”

“గజ్జెలు నీ పెళ్ళికి గానీ, మేడంగోరి మీటరు కాడెట్టు.”

పై వరసల్లో ఒక్కటి కూడా మోగలేదు. కొన్ని వేడిగా ఉన్నాయి, ముట్టుకుంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దుమ్ము లేచింది. వాటిని గానుగకు అడిగే వాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నూకాలమ్మతో వద్దని చెప్పాను, కారణమూ చెప్పాను. ఆవిడ గొయ్యి తీయించి పూడ్పించింది. నడుమవి, అడుగువి మోగాయి, మీటరు అంకె కూడా ఆ రోజు రాసుకున్న దానికి మారలేదు. వాటిని నేల మీద పరిచిన గోనెల మీద, గాలి ఆడేలా, వేరే లాటుగా పేర్పించాను. ఆ లాటుకు చీటీ రాసి సంతకం పెట్టాను.

ఆ రెంటికీ మధ్య కొన్ని బస్తాలు మిగిలాయి. సగం కాయలు మోగుతాయి, సగం మోగవు.

“వీటికి చీటీ ఇవ్వలేనమ్మా. వదిలేయండి.”

“ఒగ్గీసి? లెక్క ప్రెకారం ఒకరి సేనుకి తక్కువ పడతాది,” అంది నూకాలమ్మ. వాటిలో ఒక బస్తా మూతి ముడేసింది. “ఆటిని నాను ఏసుకుంతాను.”

“మొలవకపోతే మీకు ఈ ఏడాది పంటే ఉండదు.”

“మరెవులికి ఇమ్మంతావు? సంగం ఎట్టింది నాను.”

విత్తే ముందురోజే కాయలు కొట్టించమని, గింజకు మందు పొడి పట్టించి నీడలో ఆరబెట్టమని, ఆ బస్తాలవి కాస్త ఒత్తుగా వేసుకోమని చెప్పాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఎర్ర నేలలో

మొలకలు లేచే వేళకు ఉండబట్టలేక నేనే బస్సెక్కాను. అలా వెళ్ళమని ఏ రూలూ లేదు. మీరు మాత్రం వెళ్ళండి. రాసిన పాస్ ఎక్కడికి పోయిందో, రాసిన ఫెయిల్ ఎక్కడికి పోయిందో కళ్ళతో చూడకపోతే ఈ పనిలో ఏళ్ళు పెరుగుతాయి గానీ ఇంకేమీ పెరగదు.

సంఘంలో వాళ్ళ చేలన్నిటినీ దాటుకుంటూ నూకాలమ్మ నన్ను తీసుకెళ్ళింది. ఎర్ర నేల మీద పచ్చటి సాళ్ళు. అక్కడక్కడా ఖాళీ ఉంది, ఎక్కడైనా ఉంటుంది. గట్ల మీద మనుషులు ఆవిడను పలకరించారు, ఎవరూ తిట్టలేదు. ఆవిడ చేను చివర్న, సరుగుడు తోట పక్కన ఉంది. దూరం నుంచే తెలిసిపోయింది. ఒక మొక్క, ఒక ఖాళీ. రెండు మొక్కలు, పెద్ద ఖాళీ.

ఆవిడ సాలులో గొంతుక్కూర్చుని, ఖాళీ ఉన్నచోట వేలితో తవ్వి, ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టింది.

“ఇది సచ్చిందా, ఇంకా లేత్తాదా?”

రెండు వేళ్ళ మధ్య నొక్కాను. పొర చిట్లి మసి బయటికి వచ్చింది. ఏదో మెత్తగా చెబుదామని చూశాను. ఆవిడ నా మొహమే చూస్తోంది.

“చచ్చిందమ్మా.”

“అలగ సెప్పీ మరి,” అంది. ఒడిలోంచి రెండు కంది గింజలు తీసి ఆ గుంటలో వేసి, మట్టి కప్పి, మడమతో నొక్కింది. “సచ్చిందని తెలిత్తే కందులు ఎట్టుకుంతాను. తెలీక సూత్తా కూకుంతేనే సేను పోతాది.”

తూర్పున, సముద్రం మీద మబ్బు నల్లబడుతోంది. ఆవిడ తర్వాతి ఖాళీకి జరిగి తవ్వింది. నేనూ చెప్పులు విడిచి, పక్కనే కూర్చుని, తవ్విన గింజ కోసం చెయ్యి చాపాను.